ఎర్ర నూనె, నీళ్ళ గిన్నె

బ్రేకులు బాగుచేసేవాళ్ళకు పేరు రాదు. బండి ఆగినన్నాళ్ళూ మనమెవరో ఎవరికీ గుర్తుండదు. ఆగని రోజు మాత్రం అందరి నోటా మన పేరే. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు ముందు ఈ సంగతి తెలుసుకోవాలి. మెచ్చుకోళ్ళు కావాలనుకునేవాళ్ళు ఇంజన్ల వైపు వెళ్ళండి, అక్కడ కనీసం చప్పుడైనా ఉంటుంది.

నేను సూరత్‌లో, ఊరి చివర సముద్రం వైపున్న ఒక చిన్న ఫ్లయింగ్ స్కూల్లో మెకానిక్‌గా చేరి, అక్కడే తల నెరిసి, అక్కడే రిటైరయ్యాను. ఇద్దరో నలుగురో కూర్చునే శిక్షణ విమానాలు మావి. చక్రాలు, బ్రేకులు, వాటికి నూనె తీసుకెళ్ళే గొట్టాలు నా వంతుకు వచ్చాయి. ప్రమోషన్ ఎప్పుడొచ్చింది, ఎవరు ఆపారు అన్న సంగతులు రాయను. అవి చదివి ఎవరూ ఒక్క నట్టు కూడా సరిగ్గా బిగించలేరు. నేను రాయదలుచుకున్నది మా హ్యాంగర్లోని ఎర్ర నూనె గురించి, ఒక నీళ్ళ గిన్నె గురించి. అందులో మా చీఫ్ ఇంజనీరు రుస్తుం సాబ్ ఉన్నారు, మా బాపు ఉన్నాడు, మా అక్క మొగుడు మల్లేశం బావ ఉన్నాడు. మొదటి ఇద్దరూ ఇప్పుడు లేరు.

రుస్తుం సాబ్ టీ

మా నాన్నను మేం బాపు అనేవాళ్ళం. సిరిసిల్ల వైపు నుంచి బతుకుతెరువుకు సూరత్ వచ్చి, ఊళ్ళోని ఖటోదరా పేటలో పవర్‌లూమ్ నడిపాడు. ఆ మగ్గాల చప్పుడులో చదువుకున్న దాన్ని కాబట్టి హ్యాంగర్లో చప్పుళ్ళు నన్నేమీ బెదిరించలేదు. బెదిరించింది మనుషులు. షెడ్డంతా మగవాళ్ళు, వాళ్ళ మధ్య నేనొక్కదాన్నే ఆడపిల్లను. మొదటి వారమే ఎవరో నన్ను టీ పెట్టమన్నారు. ఆ మాట రుస్తుం సాబ్ చెవిన పడింది. ఆయన ఎవరినీ తిట్టలేదు, మర్నాటి నుంచి టీకి అందరికీ వంతులు వేశారు. తన వంతు కూడా వేసుకున్నారు. ఆయన పెట్టిన టీ మాత్రం ఎవరి గొంతూ దిగేది కాదు.

పార్సీ పెద్దమనిషి. తెల్ల చొక్కా వేసుకుని బ్రేకుల పని చేసి, సాయంత్రం తెల్ల చొక్కాతోనే ఇంటికి వెళ్ళగలిగిన మనిషిని ఆయన తర్వాత నేను చూడలేదు. జేబులో నాన్‌ఖటాయి బిస్కెట్ల పొట్లం ఉండేది. ఎవరి పని నచ్చితే వాళ్ళ చేతిలో ఒకటి పెట్టేవారు, అంతే, నోటితో మెచ్చుకోవడం ఉండదు. నేను ఆయన కూతురు వయసుదాన్నైనా మొదటి రోజు నుంచీ గుజరాతీలో అక్కా అన్నట్టు సరోజ్‌బెన్ అనే పిలిచారు. ఆ పిలుపు ఇప్పటికీ చెవుల్లో ఉంది.

ఉదయాన్నే హ్యాంగర్ తలుపులు పక్కకు తోస్తే సముద్రపు గాలి లోపలికి వచ్చేది, దానితో పాటు రాత్రంతా మూసి ఉన్న నూనె వాసన ఒక్కసారిగా లేచేది. నాకు అది ఇష్టం. మా ఇంట్లోవాళ్ళకు నచ్చదు, ఇప్పటికీ పాత చీరల పెట్టె తెరిస్తే ఆ వాసనే వస్తోందని మా అక్క ఎగతాళి చేస్తుంది. రాదు. వస్తే బాగుండునని నాకే ఉంటుంది.

అన్నిటినీ ఆయిల్ అంటాం

అసలు విషయానికొస్తాను. కారుకూ మోటారు సైకిలుకూ పోసేదాన్ని అందరం బ్రేక్ ఆయిల్ అంటాం. చేతికి నూనెలాగే జారుతుంది, పలచటి తేనె రంగులో ఉంటుంది. కానీ అది నూనె కాదు, నీళ్ళలో కలిసిపోయే రసాయనం. మూత తీసి పెడితే గాలిలో తేమను పీల్చుకుంటుంది, సూరత్ లాంటి ఉక్క ఊళ్ళో మరీ త్వరగా. కొత్తగా ఉన్నప్పుడు బాగా వేడిని తట్టుకుంటుంది. తేమ చేరేకొద్దీ తక్కువ వేడికే మరుగుతుంది. మరిగితే గొట్టంలో ఆవిరి చేరుతుంది. ఆవిరిని ఎంత నొక్కినా అది నలుగుతుందే తప్ప బ్రేకును ముందుకు తొయ్యదు. పెడలు కిందికి పోతుంది, బండి ఆగదు. అందుకే బండి బాగానే నడుస్తున్నా ఆ ద్రవాన్ని మారుస్తూ ఉండాలి.

మా చిన్న విమానాల్లో పోసేది ఎర్ర నూనె. ముడిచమురు నుంచి తీసిన నిజమైన నూనె. నీళ్ళతో దానికి పొత్తు లేదు, తేమ పీల్చదు, పైన చలిలో కూడా పలచగానే ఉంటుంది. దాని లోపం ఏమిటంటే నిప్పంటుకుంటుంది. అందుకని పెద్ద జెట్ విమానాల్లో అంత తొందరగా అంటుకోని ఊదారంగు ద్రవం పోస్తారు. అది మళ్ళీ చర్మాన్ని మండిస్తుంది, పెయింటును ఒలిచేస్తుంది. లోపం లేని ద్రవం ఒక్కటీ లేదు. ఎక్కడ ఏ లోపాన్ని భరించగలమో చూసుకుని వాడుకుంటాం.

వీటన్నిటికంటే ముఖ్యం రబ్బరు. బ్రేకు లోపల ద్రవం బయటికి పోకుండా చిన్న రబ్బరు వాషర్లు ఉంటాయి. ఎర్ర నూనెకు సరిపడే రబ్బరు వేరు, కారు ద్రవానికి సరిపడేది వేరు. పైనుంచి చూస్తే రెండూ నల్లగా ఒకేలా ఉంటాయి. తప్పుడు ద్రవం తగిలిందంటే ఒక రబ్బరు ఉబ్బుతుంది, ఒకటి మెత్తబడి జిగురవుతుంది. రెండిట్లో ఏది జరిగినా బ్రేకు పోయినట్టే.

ఇది నాకు పుస్తకంలో చదివితే ఎక్కలేదు. ఒక వ్యాపారి సొంత విమానం నడుపుకుంటూ మా రన్‌వే మీద దిగాడు. ఎడమ బ్రేకు మెత్తగా ఉందని, కొంచెం చూసి పంపించమని అడిగాడు. దారిలో ఎక్కడో నూనె తగ్గిందని బజారులో కారు బ్రేక్ ఆయిల్ కొని పోయించాడట. ఖరీదైనదే కొన్నానన్నాడు. రుస్తుం సాబ్ నన్ను గిన్నెతో నీళ్ళు తెమ్మన్నారు. నేను తాగడానికనుకుని గ్లాసు తెచ్చాను. ఆయన నవ్వి, నేను కడిగిన టీ గిన్నెలోనే నీళ్ళు పోసి, ఆ బ్రేకు నుంచి తీసిన ద్రవం ఒక చుక్క వేశారు. ఎర్ర నూనె అయితే నీళ్ళ మీద తేలాలి. ఆ చుక్క తేలలేదు, కరిగి మాయమైపోయింది. ఆయన నా వైపు తిరిగి హిందీలో, "పహలే పానీ మే డాల్ కే దేఖో, సరోజ్‌బెన్" అన్నారు. ముందు నీళ్ళలో వేసి చూడు అని.

బ్రేకు విప్పితే వాషరు వేలికి అంటుకుంది. వ్యాపారి చాలా అరిచాడు, వాళ్ళనీ వీళ్ళనీ తెలుసునన్నాడు. రుస్తుం సాబ్ ఆయనకు తన టీ ఇచ్చి కూర్చోబెట్టారు. రబ్బర్లన్నీ మార్చి, గొట్టాలన్నీ కడిగేదాకా విమానం కదల్లేదు. పై అధికారి ఎలా ఉండాలని ఎవరైనా అడిగితే నేను ఆ రోజు గురించే చెబుతాను. అరిచేవాడి ముందు గొంతు పెంచకుండా, చెప్పిన మాట తగ్గించకుండా ఉండాలి.

విమానం ఆయిల్ గౌరవం

మా హ్యాంగర్లో ఒక అలవాటు ఉండేది. ఎర్ర నూనె డబ్బా ఒకసారి తెరిచాక మిగిలినదాన్ని మళ్ళీ విమానానికి పోయకూడదు. దుమ్ము ఒక్క కణం పడినా నమ్మలేం. ఆ మిగిలిన నూనెను పారబోయడం ఇష్టం లేక సీసాల్లో పోసి పనివాళ్ళకు ఇచ్చేవారు. తలుపు బందులకు, కుట్టుమిషన్లకు, సైకిళ్ళకు వాడుకునేవాళ్ళం. నాకొచ్చిన సీసా బాపుకు ఇచ్చేదాన్ని.

ఖటోదరాలో మా గల్లీలో దానికి వచ్చిన గౌరవం అంతా ఇంతా కాదు. విమానం ఆయిల్ అంటే అందరూ సీసా ఎత్తి వెలుగులో చూసేవాళ్ళు. బాపు దాన్ని దేవుడి అల్మారాలో పెట్టి, మగ్గానికి బొట్లు బొట్లుగా వేసేవాడు. నిజానికి మగ్గానికి దానివల్ల ఒరిగిందేమీ లేదు, బేరింగులకు ఇంకాస్త చిక్కటి నూనే మేలు. ఆ మాట బాపుతో అనడానికి నాకు నోరు రాలేదు. ఆడపిల్లను మెకానిక్ పనికి పంపావేమని అడిగిన వాళ్ళందరికీ ఆయన జవాబు ఆ సీసాయే.

ఒక ఏడు దసరాకు ఆయుధ పూజలో మగ్గం పక్కన మల్లేశం బావ టెంపో కూడా నిలబెట్టారు. బావ సలాబత్‌పురా బజారులో చీరల మూటలు ఎక్కించుకుని స్టేషనుకు చేరవేసేవాడు. బాపు పూజయ్యాక అల్లుడికి ఏదైనా మంచిది ఇవ్వాలనుకుని, దేవుడి అల్మారాలోని సీసా తీసి చేతిలో పెట్టాడట. బండి బందులకు వేసుకుంటాడని ఆయన అనుకున్నాడు. బావ మాత్రం బండిలో అన్నిటికంటే ముఖ్యమైన చోటు ఏదని ఆలోచించాడు. పాత బ్రేక్ ఆయిల్ కొంత తోడేసి, ఆ సీసా మొత్తం బ్రేకు ద్రవం ఉండే డబ్బాలో పోశాడు. ప్రేమతోనే పోశాడు. బజారు సరుకు వాడేవాడైతే ఆ పని చేసేవాడు కాదు. ఇంట్లో విమానాల మెకానిక్ ఉన్నవాడు మాత్రమే చేయగలిగిన పొరపాటు అది.

ఆ పూజకు నేను లేను, డ్యూటీలో ఉన్నాను.

గల్లీలో టెంపో

దసరా అయిన ఆదివారం గల్లీవాళ్ళంతా బావ టెంపోలో సాపుతారా కొండకు వెళ్ళాలని చాన్నాళ్ళుగా అనుకున్నారు. ఘాట్ రోడ్డు, ఒకవైపు కొండ, ఒకవైపు లోయ. ఉదయాన్నే నేనూ వెళ్ళాను. అప్పటికే పులిహోర గిన్నెలు, చాపలు, పిల్లలు అందరూ బండెక్కేశారు. బాపు కొత్త చొక్కా వేసుకుని ముందు సీట్లో కూర్చున్నాడు.

బ్యాటరీ సరిగ్గా లేక ఆ బండిని రోజూ తోసి స్టార్ట్ చేసేవాళ్ళు. మామూలుగా ఇద్దరు తోస్తే కదిలేది. ఆ రోజు అంతమంది తోసినా చక్రం తిరగడానికి మొరాయించింది. బండి బరువెక్కిందని అందరూ నవ్వుతున్నారు. బావ కిటికీలోంచి తల బయటపెట్టి, రెండు రోజుల నుంచి బండి కొంచెం వేడెక్కుతోంది గానీ బ్రేకులు మాత్రం ఎన్నడూ లేనంత బాగున్నాయని సంతోషంగా చెప్పాడు.

"విమానం ఆయిలు పోసిన సరోజా. పెడలు రాయి లెక్క ఉన్నది."

బండి దగ్గరికి వెళ్ళి బ్రేకు డబ్బా మూత తీశాను. పైన ఎర్రగా తేలుతోంది. అక్కను నీళ్ళ గిన్నె అడిగాను, దానితో పాటు ఒక చెంచా. డబ్బాలోంచి చెంచాడు తీసి నీళ్ళలో వేశాను. అడుగునున్న పాత ద్రవం కరిగిపోయింది, ఎర్ర నూనె మాత్రం నీళ్ళ మీద గుండ్రంగా నిలబడింది. గల్లీ అంతా వంగి చూసింది.

ఈ బండి ఘాట్ ఎక్కకూడదని చెప్పాను. బావకు కోపం వచ్చింది. ఆయన కోపంలో న్యాయం లేదని నేననను. బండి ఆయనది, దాన్ని నమ్మి ఎక్కినవాళ్ళు ఆయన వాళ్ళు, అందరి ముందూ మరదలు వచ్చి దిగమంటోంది.

"గాల్ల ఎగిరేదాన్నే ఆపుతది గదా. నా టెంపోను ఆపదా?" అన్నాడు.

తరువాత ఎన్నో క్లాసుల్లో, ఎంతోమంది ముందు ఈ ప్రశ్నకు జవాబు చెప్పాను. ఆ రోజు మాత్రం చెప్పే వీలు దొరకలేదు. అక్క నా చెయ్యి పట్టుకుని పక్కకు లాగి, పదిమందిలో మొగుడి పరువు తీయొద్దని మెల్లగా అంది. పిల్లలు వెనక నుంచి ఎప్పుడు బయల్దేరుతామని అడుగుతున్నారు. నేను ఎవరి వైపూ చూడకుండా బాపు కిటికీ దగ్గరికి వెళ్ళాను. ఆ సీసా ఆయన ఇచ్చిందని నాకు తెలుసు, గల్లీ మొత్తానికి తెలుసు. ఆయన గర్వంగా ఇచ్చిన వస్తువు ఈ బండికి చేటని ఆయనకే చెప్పాలి. అంత కష్టమైన మాట నేను నా ఉద్యోగంలో ఎన్నడూ చెప్పలేదు.

"ఎందుకు బిడ్డా? జర సమజయ్యేటట్టు చెప్పు" అన్నాడు.

"బాపూ, ఆయిలు మంచిదే. గని గీ బండిల ఉన్న రబ్బరుకు అది పడదు. రబ్బరు ఉబ్బుతది, ఉబ్బి బ్రేకును ఇడువదు. అందుకే బండి కదులుత లేదు. గట్లనే కొండెక్కితే కాలుతది, దిగంగ రబ్బరు చిరుగుతది. అప్పుడు తొక్కితే పెడల్ల ఏముండదు."

బాపు తలుపు తెరుచుకుని కిందికి దిగాడు. సంచి భుజాన వేసుకుని, వెనక్కి తిరిగి, "పిల్లలను దించుర్రి" అన్నాడు. ఒకరి తర్వాత ఒకరు అందరూ దిగారు. సాపుతారాకు కట్టిన పులిహోర మగ్గాల షెడ్డు డాబా మీద కూర్చుని తిన్నాం. బావ పైకి రాలేదు.

బావ అరచేతిలో

రోడ్డు మీది ఫోను బూత్ నుంచి రుస్తుం సాబ్ ఇంటికి ఫోన్ చేశాను. ఆదివారం పూట ఆయనను పిలవడానికి సిగ్గుపడ్డాను, కానీ బావ నా మాట వినడని తెలుసు. కాసేపటికి స్కూటర్ మీద వచ్చారు, తెల్ల చొక్కాతోనే. గోనెసంచి పరుచుకుని గల్లీలో నేల మీద కూర్చుని నాతో కలిసి చక్రం విప్పారు. డ్రమ్ము వేడికి కమిలి నల్లబడి ఉంది. లోపలి వాషరు రాత్రంతా నానిన శనగగింజలా ఉబ్బిపోయి ఉంది.

ఆయన బావకు ఏమీ వివరించలేదు. ఉబ్బిన వాషరును, దారిలో కొనుక్కొచ్చిన కొత్త వాషర్లలో ఒకదాన్ని పక్కపక్కన బావ అరచేతిలో పెట్టారు. పాతదాన్ని మళ్ళీ దాని చోట్లో పెట్టమని సైగ చేశారు. బావ బొటనవేలితో నొక్కాడు, తిప్పి నొక్కాడు. అది పట్టలేదు. డాబా మీద పిల్లల గోల వినిపిస్తోంది. బావ కళ్ళలో నీళ్ళు నేను చూశాను, చూడనట్టు స్పానర్లు వెతుక్కున్నాను.

ప్రతి రబ్బరూ మార్చాం, గొట్టాలన్నీ కొత్త ద్రవంతో కడిగాం. సగం మారిస్తే చాలదు, ఎర్ర నూనె తడి ఒక మూల మిగిలినా కొత్త రబ్బరు మళ్ళీ ఉబ్బుతుంది. పనయ్యాక రుస్తుం సాబ్ పొట్లంలోంచి ఒక నాన్‌ఖటాయి తీసి నా చేతిలో పెట్టారు, ఇంకొకటి తీసి బాపు చేతిలో పెట్టారు. బాపుకు దాని అర్థం తెలియదు, తిన్నాడు. నాకు తెలుసు, కానీ ఆ సీసా ఇంటికి తెచ్చింది నేనే కాబట్టి తినలేకపోయాను.

మర్నాడు ఆయన హ్యాంగర్లో ఆ అలవాటు ఆపేశారు. మిగిలిన నూనె పాత ఇంజన్ ఆయిల్ పీపాలోకి వెళ్ళాల్సిందే, సీసాల్లోకి కాదు. చాలామంది సణిగారు, నా వల్లే పోయిందని కూడా అన్నారు. ఆ నిర్ణయం సరైనదని నేను అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అనుకుంటున్నాను. మంచి వస్తువును దాని చోటు చెప్పకుండా ఇంటికి పంపడం మంచితనం కాదు. కానీ దేవుడి అల్మారాలో ఆ సీసా ఉండిన చోటు ఖాళీగా కనిపించినప్పుడల్లా నాకు దుఃఖం వచ్చేది. బాపు మళ్ళీ నన్ను విమానం ఆయిల్ అడగలేదు.

కొత్తవాళ్ళకు

రంగును నమ్మకండి. కొన్ని కార్ల గేరుబాక్సు నూనె కూడా ఎర్రగానే ఉంటుంది. పేరును అసలే నమ్మకండి, మన బజారులో అన్నిటినీ ఆయిల్ అంటారు. డబ్బా మూత మీద ఏం రాసుందో చదవండి, బండి పుస్తకం చూడండి, అనుమానముంటే నీళ్ళలో వేయండి. ఆ గిన్నె ద్రవం ఏ జాతిదో చెబుతుందే గానీ మంచిదో చెడ్డదో చెప్పదు, అది కూడా గుర్తుంచుకోండి. ఇంకొక మాట. బ్రేకు ఉన్నట్టుండి బాగా గట్టిపడిందని ఎవరైనా సంతోషంగా చెబితే, వాళ్ళతో కలిసి సంతోషించకండి. ముందు చక్రం తిప్పి చూడండి.

ఇక మనుషుల గురించి. తప్పుడు ద్రవం పోసినవాళ్ళలో నాకు ఒక్క దుర్మార్గుడు కూడా తగల్లేదు. అందరూ తమకు తెలిసిన వాటిలో మంచిదే తెచ్చి పోశారు. వాళ్ళను తిడితే మళ్ళీ మన దగ్గరికి రారు, ఇంటి దగ్గర దాచి పోసుకుంటారు.

గిన్నె

ఆ ఏడంతా బావ నాతో ముక్తసరిగా మాట్లాడాడు. మళ్ళీ దసరా వచ్చింది. ఈసారి నేను సెలవు పెట్టి వెళ్ళాను. మగ్గానికి, టెంపోకు పసుపు కుంకుమలు సిద్ధం చేశారు. అక్క పళ్ళెం పట్టుకుని వచ్చింది. బాపు ఆమెను ఆగమని, లోపలికి వెళ్ళి పోయినేడు అక్క నాకిచ్చిన స్టీలు గిన్నె నిండా నీళ్ళు తెచ్చి టెంపో ముందు పెట్టాడు. చెంచా నా చేతికిచ్చాడు.

"ముందు నీళ్ళల్ల ఏసి చూడు బిడ్డా" అన్నాడు.

ఆ మాట ఆయనకు రుస్తుం సాబ్ నోట అందిందో, నేను ఎప్పుడైనా చెప్పానో తెలియదు. నేను కదలకముందే బావ వెళ్ళి బ్రేకు డబ్బా మూత తీసి పట్టుకున్నాడు. చుక్క వేశాను. కరిగింది. అప్పుడే బాపు బండికి బొట్టు పెట్టాడు. నాకు ఎన్ని సర్టిఫికెట్లు ఇచ్చినా అంత గౌరవం దొరకలేదు.

అప్పటి నుంచి మా ఇంట్లో దసరాకు ఆ గిన్నె ఉండాల్సిందే. మగ్గాలు పోయాయి, టెంపో పోయింది, మా హ్యాంగర్ ఉన్నచోట ఇప్పుడు ఇంకేవో భవనాలు. మేం తాపీ నది దాటి అమ్రోలికి వచ్చేశాం. ఉబ్బిన ఆ రబ్బరు వాషరు బావ దగ్గరే ఉంది, గట్టిపడిపోయింది, దేవుడి పటాల దగ్గర పెట్టుకున్నాడు.

పోయిన దసరాకు బావ మనవరాలు కొత్త స్కూటరు కొనుక్కుంది. బ్యాటరీది, ఆయిలే అక్కర్లేదని నవ్వింది. ముందు చక్రానికి డిస్కు బ్రేకు ఉంది కదా, దానికి కావాలని చెప్పి హ్యాండిల్ మీది చిన్న డబ్బా చూపించాను. బావకు ఇప్పుడు చూపు తగ్గింది, చేతులు వణుకుతాయి. అయినా గిన్నె తనే పట్టుకుంటానన్నాడు. నీళ్ళు కదులుతున్నాయి, అవి కుదురుకునేదాకా ఆగి నేను చుక్క వేశాను.

బావ గిన్నెను ముఖం దగ్గరికి తెచ్చుకుని చాలాసేపు చూశాడు. నేను తొందరపెట్టలేదు, ఎవరూ తొందరపెట్టలేదు. చివరికి తల ఎత్తి మనవరాలి వైపు కాకుండా నా వైపు తిరిగాడు.

"కలిసింది సరోజా. ఇగ బొట్టు పెట్టుర్రి."